పాత బంతితోనే

2025 ఆగస్టు 4. శ్రావణ మాసంలో రెండో సోమవారం. అలాంటి రోజు పెద్దదోర్నాల సెంటర్‌లో రోడ్డు దాటాలంటే కాసేపు నిలబడాల్సిందే. మార్కాపురం నుంచి వచ్చే బస్సులు, కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా అడవి దాటి వచ్చే బస్సులు, అన్నీ ఇక్కడే శ్రీశైలం దారి పడతాయి. మధ్యాహ్నం మూడున్నరకు టీ కొట్టు బల్ల మీద నా ఫోన్‌ను నీళ్ల జగ్గుకు ఆనించి పెట్టాం. లండన్‌లో ఓవల్ మైదానం, ఐదో టెస్టు, ఐదో రోజు. బస్సు దిగి టీ తాగుతున్న ఒక పెద్దాయన వంగి చూసి, "ఎంత కొట్టాలబ్బాయ్ వాళ్లు?" అన్నాడు. ముప్పై ఐదు కొట్టాలి, నాలుగు వికెట్లున్నాయి అని చెప్పాను. "ఇంకేం మిగిలింది గనక" అని గ్లాసు పెట్టేసి బస్సెక్కాడు. నేనూ మనసులో అదే అనుకున్నాను. గంట తిరక్కముందే, 53 బంతుల్లో, ఆ మిగిలిన కాస్తలోనే అంతా అయిపోయింది. 374 కొట్టాల్సిన ఇంగ్లండ్ 367 దగ్గర ఆగింది. ఆరు పరుగుల తేడా. పరుగుల లెక్కన భారత్ ఇంత తక్కువ తేడాతో అంతకుముందు ఏ టెస్టూ గెలవలేదు. పోయిందనుకున్న సిరీస్ 2-2 అయింది.

ఆ రోజు మహ్మద్ సిరాజ్ వేసినవి 25 బంతులు. ఇచ్చినవి 9 పరుగులు. తీసినవి 3 వికెట్లు. ఆ బంతుల్లోని పనితనం గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ గెలుపు తర్వాత సిరాజ్ గురించి ఏ నోట విన్నా ఒకటే మాట. గుండె ధైర్యం, కసి, ఆటో నడిపి పెంచిన తండ్రి. అవన్నీ నిజాలే. 2020 నవంబరులో జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయాడు. ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయాడు. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడాడు, జనవరిలో బ్రిస్బేన్‌లో 73 పరుగులకు ఐదు వికెట్లు తీశాడు. అలాంటివాడికి గుండె లేదని ఎవరంటారు? కానీ గుండె ఎంతున్నా బంతి దానంతటది వెళ్లి ఆఫ్ స్టంప్ పక్కన పడదు. కసి ఉన్న కుర్రాళ్లు మా ఊరి గ్రౌండ్‌లో ప్రతి సాయంత్రం పాతికమంది కనబడతారు. సిరాజ్‌ను కసి ఉన్నవాడని పొగిడి ఊరుకుంటే, ఏళ్ల తరబడి మణికట్టుతో, వేళ్లతో అతను నేర్చుకున్న విద్యను మనం లెక్కలోకి తీసుకోనట్టే. అభిమానులుగా మనం చేస్తున్న అన్యాయం ఇదేనని నాకనిపిస్తుంది.

ముందు ఆ బంతి సంగతి చెప్పాలి.

టెస్టుల్లో ఎనభై ఓవర్లు నిండితే బౌలింగ్ జట్టు కొత్త బంతి తీసుకోవచ్చు. ఆ రోజు ఆట మొదలయ్యేటప్పటికి 76.2 ఓవర్లు అయ్యాయి. మా టీ కొట్టు దగ్గర అందరి లెక్కా ఒకటే: ఈ నాలుగు ఓవర్లు ఎలాగో లాక్కొస్తే, తర్వాత కొత్త బంతి అందుకొని చూసుకోవచ్చు. ఎనభై ఓవర్లు నిండాయి. కెప్టెన్ శుభ్‌మన్ గిల్ కొత్త బంతి అడగలేదు. సిరాజ్, ప్రసిద్ధ్ కృష్ణ ఆ పాతదాంతోనే వేసుకుంటూ పోయారు. "తీసుకోడేందన్నా?" అని పక్కన కుర్రాడు నా భుజం పట్టి ఊపాడు.

నాకూ వెంటనే అర్థం కాలేదు. తర్వాత ఆ గంట ఆటను నాలుగైదుసార్లు చూసుకుంటే తెలిసింది. కొత్త బంతి గట్టిగా ఉంటుంది. బ్యాటు అంచుకు తగిలితే చాలు, స్లిప్ ఫీల్డర్లను దాటి బౌండరీకి పరుగెడుతుంది. ప్రత్యర్థికి ఇంకా ఇరవై పరుగులే కావాల్సిన వేళ ఆ గట్టిదనం మనకే ఎదురు తిరుగుతుంది. పైగా కొత్త బంతి ఎంత తిరుగుతుందో చేతికి అర్థం కావడానికి ఓవరో రెండోవర్లో పడుతుంది. చేతిలో ఉన్న పాత బంతేమో మబ్బు కింద గాల్లో తిరుగుతోంది, నేల తాకాక కూడా కదులుతోంది. ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ బంతికి ఆరు వరసల కుట్టూ చేత్తోనే కుడతారు. అందుకే దాని సీమ్ ఎక్కువసేపు నిలబడుతుంది. ఆ ఏడాది డ్యూక్స్ బంతులు తొందరగా మెత్తబడుతున్నాయని, ఆకారం పోతోందని సిరీస్ పొడవునా గొడవే. ఆ చివరి గంట మాత్రం దాని కుట్టు సిరాజ్‌కు పనికొచ్చినంత ఉంది. సాగుతున్న పనిలో చేతికి అమరిన పనిముట్టును ఎవరూ పక్కన పడేయరు.

ఇక్కడ నా మనసులో చాలాకాలంగా ఉన్న మాటొకటి. అదే ఏడాది జనవరిలో చాంపియన్స్ ట్రోఫీకి జట్టును ప్రకటిస్తే అందులో సిరాజ్ పేరు లేదు. కొత్త బంతి చేతిలో లేకపోతే అతని పదును తగ్గుతుందని అప్పటి కెప్టెన్ రోహిత్ శర్మ కారణం చెప్పాడు. వన్డేల వరకు ఆ మాటకు ఆధారం ఉంది. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్ గుర్తుందా? ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు, మొత్తం 21 పరుగులకు 6, శ్రీలంక 50కి ఆలౌట్. అదంతా కొత్త బంతి మహిమే. సిరాజ్ లేకుండా వెళ్లిన జట్టు చాంపియన్స్ ట్రోఫీ గెలుచుకునే వచ్చింది కాబట్టి ఆ నిర్ణయం తప్పని నేను వాదించను. కానీ పాత బంతితో పనికిరాడన్న ముద్ర ఒక బౌలర్ మీద పడితే అది వన్డేలతో ఆగదు, మనిషి వెంటే తిరుగుతుంది. తర్వాత ఐపీఎల్‌లో గుజరాత్ టైటన్స్ తరఫున ఏప్రిల్ 6న ఉప్పల్‌కు వచ్చి, సొంత ఊళ్లో సన్‌రైజర్స్ మీద 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. మేమంతా సన్‌రైజర్స్ అభిమానులం. అయినా ఆ రోజు లేచి చప్పట్లు కొట్టాం. ఆగస్టు వచ్చేసరికి, కొత్త బంతి వద్దనుకొని పాత బంతితో టెస్టు గెలిపించే దాకా వెళ్లాడు. ఏడు నెలల తేడాలో అదే మనిషి.

పాత బంతితో అతను చేసే పని పేరు వోబుల్ సీమ్. మామూలుగా పేస్ బౌలర్ చూపుడు వేలు, మధ్య వేలు కుట్టుకు అటూ ఇటూ దగ్గరగా పెట్టి, కుట్టు నిట్టనిలువుగా నిలబడేటట్టు వదులుతాడు. కుట్టు ఏ దిక్కుకు తిరిగి ఉంటే బంతి గాల్లో ఆ దిక్కుకు పోతుంది. కాస్త తెలిసిన బ్యాటర్ దాన్ని చేతి దగ్గరే చదివేస్తాడు. వోబుల్ సీమ్‌లో వేళ్లు కొంచెం ఎడంగా ఉంటాయి. మణికట్టు బిగింపు కొంచెం సడలుతుంది. బెండు పడ్డ సైకిల్ చక్రంలా కుట్టు అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. నేలను ఏ అంచు తాకితే బంతి దాన్నిబట్టి పోతుంది. ఒకటి లోపలికి దూసుకొస్తుంది, ఇంకొకటి తిన్నగా పోతుంది, మరొకటి వెంట్రుకవాసి బయటికి జరుగుతుంది. ఎటు పోతుందో వేసినవాడికే కచ్చితంగా తెలియదు. ఇక ఆడేవాడికెలా తెలుస్తుంది?

తనకు సహజంగా పడే ఇన్‌స్వింగ్ పోయినప్పుడు ఈ బంతి పట్టుకున్నానని, అది కుదరడానికి చాలాకాలం పట్టిందని సిరాజ్ ఒకసారి చెప్పాడు. చేతిలో ఉన్న విద్య జారిపోతే చాలామంది బౌలర్లు దాన్నే వెతుక్కుంటూ కెరీర్ గడిపేస్తారు. ఇతను వేరే విద్య నేర్చుకున్నాడు. టెన్నిస్ బంతితో గల్లీల్లో ఆడి, 2016-17 రంజీ సీజన్లో భరత్ అరుణ్ కోచ్‌గా ఉన్న హైదరాబాద్ జట్టుకు 41 వికెట్లు తీసిన కుర్రాడు, దేశానికి ఆడే వయసులో మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాడు. ఇది గుండె సంగతి కాదు, బుర్ర సంగతి.

ఎటు పోతుందో తెలియని బంతి కదా, అదృష్టం మీద ఆధారపడ్డ ఆట కాదా అని ఎవరైనా అడగొచ్చు. అక్కడే అసలు పనితనం ఉంది. బంతి ఎటు కదులుతుందో తెలియకపోయినా, ఎక్కడ పడాలో మాత్రం సిరాజ్‌కు తెలుసు. క్రీజు అంచుకు జరిగి, చెయ్యి కొంచెం గుండ్రంగా తిప్పి వేస్తాడు. కాబట్టి బంతి మొదటి నుంచీ కుడిచేతి బ్యాటర్ మీదికి ఏటవాలుగా వస్తుంది. ఆఫ్ స్టంప్ దగ్గర, ముందుకు వెళ్లాలా వెనక్కి వెళ్లాలా అని బ్యాటర్ తేల్చుకోలేని చోట పడుతుంది. అక్కడ పడి లోపలికి వస్తే ప్యాడ్, తిన్నగా పోతే బ్యాటు అంచు. ఒక అడుగు పొట్టిగా పడితే బ్యాటర్‌కు చూసుకునే సమయం దొరుకుతుంది, కాలి దగ్గర పడితే కదలడానికి చోటు ఉండదు. మధ్యలో ఉన్నది పెద్ద తువ్వాలంత జాగా. రోజుకు ఇరవై ఓవర్లు, ఐదు టెస్టులు, ఆ తువ్వాలు మీదే వేయాలి.

మార్కాపురం పక్క పలక రాయి పని చూసినవాళ్లకు ఈ ఓపిక తెలుసు. బలమంతా పెట్టి కొడితే రాయి ముక్కలవుతుంది, పలక రాదు. పొర ఎక్కడుందో చూసుకొని, ఉలి అంచు అక్కడ ఆనించి, చిన్న చిన్న దెబ్బలు వేసుకుంటూ పోవాలి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఏదో ఒక దెబ్బకు రాయి పొరగా, నున్నగా విడిపోతుంది. ఓవల్‌లో ఆలీ పోప్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సిరాజ్‌కే ఎల్బీ అయ్యాడు. మొదటి ఇన్నింగ్స్‌లో జో రూట్ కూడా అంతే. ఆ మూడు వికెట్లూ వరసగా పెట్టుకొని చూస్తే ఒకే ఉలి దెబ్బల్లా ఉంటాయి.

ఆ సిరీస్‌లో సిరాజ్ 185.3 ఓవర్లు వేశాడు. అంటే 1,113 బంతులు. భారత పేసర్లలో ఐదు టెస్టులూ ఆడింది అతనొక్కడే. తీసిన వికెట్లు 23, రెండు జట్లలోనూ అందరికన్నా ఎక్కువ. జస్‌ప్రీత్ బుమ్రా మూడు టెస్టులే ఆడతాడని ముందే అనుకున్నారు, అలాగే ఆడాడు. దాని మీద అభిమానులు బుమ్రాను తిట్టిపోయడం నాకు నచ్చలేదు. ఆ వేగంతో, ఆ తరహా యాక్షన్‌తో వెన్ను దెబ్బతిన్న మనిషి తన శరీరాన్ని లెక్కపెట్టుకొని వాడుకోవడం కూడా వృత్తి ధర్మమే. కానీ మనం గెలిచిన రెండు టెస్టుల్లోనూ బుమ్రా లేడన్నది నిజం. ఎడ్జ్‌బాస్టన్‌లో బౌలర్‌కు ఏ సాయమూ లేని పిచ్ మీద, ఇంగ్లండ్ 407 కొట్టిన ఇన్నింగ్స్‌లో సిరాజ్ 70 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఓవల్ స్పెల్ వెలుగులో దాన్ని చాలామంది మరిచిపోయారు. నాకు మాత్రం పనితనం పరంగా అది దీనికి ఏమాత్రం తీసిపోదు.

మధ్యలో లార్డ్స్ ఉంది. జూలై 14. 193 కొట్టాల్సిన చోట 170 దగ్గర చివరి వికెట్‌గా పోయింది సిరాజే. ముప్పై బంతులు నిలబడ్డాడు. షోయబ్ బషీర్ బంతిని బ్యాటు మధ్యతోనే ఆపాడు. అది కింద పడి, వెనక్కి దొర్లుకుంటూ వెళ్లి మెల్లగా స్టంప్స్‌ను తాకింది. అక్కడే కూలబడిపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఓవల్‌కు వద్దాం. ఈ మైదానంతో హైదరాబాద్‌కు పాత చుట్టరికం ఉంది. 1971 ఆగస్టు 24న ఇదే ఓవల్‌లో భారత్ ఇంగ్లండ్ గడ్డ మీద మొదటిసారి టెస్టు సిరీస్ గెలిచింది. ఆ టెస్టులో చంద్రశేఖర్ 38 పరుగులకు తీసిన 6 వికెట్లు అందరికీ గుర్తు. గెలుపు బౌండరీ కొట్టింది హైదరాబాదీ మీడియం పేసర్ సయ్యద్ ఆబిద్ అలీ. కొత్త బంతిని నాలుగు ఓవర్లు తిప్పి స్పిన్నర్ల చేతికివ్వడమే భారత పేసర్ల పనిగా ఉన్న రోజుల్లో బౌలింగ్ మొదలుపెట్టినవాడు. హైదరాబాద్ అనగానే అజహరుద్దీన్, లక్ష్మణ్‌ల మణికట్లు గుర్తొస్తాయి గానీ, పరుగెత్తి వచ్చి చెమటోడ్చే బౌలర్ల వరస కూడా ఆ ఊరికి ఉంది. ఆబిద్ అలీ 2025 మార్చిలో కన్నుమూశాడు. ఇంకో ఐదు నెలలు ఉండుంటే తన ఊరి కుర్రాడు తన మైదానంలో ఏం చేశాడో చూసేవాడు.

ఇక 2025 టెస్టు. మూడో రోజు సాయంత్రం, ఆట ముగింపు వేళ. జాక్ క్రాలీకి ఆ పూట గట్టెక్కడం ఒక్కటే కావాలి. సిరాజ్ ఒక ఫీల్డర్‌ను లెగ్ వైపు వెనక్కి, బౌండరీ దగ్గరికి పంపించాడు. ఆ కదలిక చూసిన ఏ బ్యాటర్‌కైనా ఒకటే అర్థం: తలకేసి బౌన్సర్ వస్తోంది. ఒంటి బరువు తెలియకుండానే వెనక కాలి మీదికి పోతుంది. వచ్చింది యార్కర్. క్రాలీ బ్యాటు దిగేలోపు స్టంప్స్ చెదిరిపోయాయి. ఆ బంతితోనే ఆ రోజు ఆట ముగించారు. ఇది కసితో వేసిన బంతా? ఫీల్డర్ నడిచిన ఆ ఇరవై అడుగుల్లోనే వికెట్ సగం పడిపోయింది.

మర్నాడు జరిగింది కూడా చెప్పాలి. హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా ప్రసిద్ధ్ బంతిని ఎత్తి కొట్టాడు. బౌండరీ దగ్గర సిరాజ్ క్యాచ్ పట్టాడు, పట్టాక కాలు వెనక్కి పడి బౌండరీ గీతను తాకింది. అవుట్ కావాల్సింది సిక్స్ అయింది. బ్రూక్ 111 కొట్టాడు, రూట్‌తో కలిసి 195 జోడించాడు. ఆ తప్పు ఎంత బరువో మైదానంలో అందరికన్నా అతనికే తెలుసు. అయినా ఆ సాయంత్రం అతని బంతులు చూడండి: లెంగ్త్ మారలేదు, కోపంతో పొట్టి బంతులు గుద్దలేదు. చివరికి ఆకాశ్‌దీప్ బౌలింగ్‌లో బ్రూక్ క్యాచ్ పట్టిందీ సిరాజే. మనసు కలవరపడినా చెయ్యి తన పని తాను చేసుకుపోయేంత అలవాటు చేసుకోవడాన్నే నేను పనితనం అంటున్నాను.

ఇక ఆ ఆఖరి గంట. ప్రసిద్ధ్ మొదటి బంతుల్లోనే జేమీ ఒవర్టన్ రెండు ఫోర్లు కొట్టాడు. ముప్పై ఐదు ఇరవై ఏడయింది. తర్వాతి ఓవర్ సిరాజ్‌ది. జేమీ స్మిత్, ఎడ్జ్‌బాస్టన్‌లో 184 కొట్టి నాటౌట్‌గా నిలిచినవాడు. ముందు బ్యాటును తప్పించి పోయే బంతులు, వెంటనే మరొకటి, అదే చోటు నుంచి. బ్యాటు అంచు తాకింది, కీపర్ ధ్రువ్ జురెల్ పట్టాడు. 347కి ఏడు. కొద్దిసేపటికి ఒవర్టన్. ఈసారి బంతి లోపలికి వచ్చి ప్యాడ్‌ను తాకింది. అంపైర్ ధర్మసేన చాలాసేపు ఆలోచించి వేలెత్తాడు. రివ్యూలో కూడా ఆ నిర్ణయమే నిలిచింది. 354కి ఎనిమిది. స్మిత్ బంతీ ఒవర్టన్ బంతీ పక్కపక్కన పెట్టుకొని చూడండి. ఇద్దరూ ఆడింది ఒకే అనుమానంతో, ఒకరు బయటికి పోయేదానికి, ఒకరు లోపలికి వచ్చేదానికి. కొత్త బంతి సమయం వచ్చింది ఇక్కడే. గిల్ వద్దనుకున్నది ఇక్కడే.

ప్రసిద్ధ్ పేరు చెప్పకుండా ముందుకు పోతే పాపం. మా వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసి పెరిగినవాణ్ణి. జతలో ఒక ఎద్దే బలం పెడితే బండ ముందుకు రాదు, పక్కకు తిరుగుతుంది. సిరాజ్ ఒక చివర తెరిపి లేకుండా లాగుతుంటే రెండో కాడి ప్రసిద్ధ్ మోశాడు. మొదటి ఇన్నింగ్స్‌లో నాలుగు, రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు. ఆ టెస్టులో పడ్డ 19 ఇంగ్లండ్ వికెట్లలో 17 ఈ ఇద్దరివే. జోష్ టంగ్‌ను సున్నాకే యార్కర్‌తో పడగొట్టింది ప్రసిద్ధ్. 357కి తొమ్మిది.

అప్పుడు మెట్లు దిగి వచ్చాడు క్రిస్ వోక్స్. మొదటి రోజు భుజం జారిన మనిషి, ఎడమ చెయ్యి స్వెటర్ లోపల కట్టుకొని, ఒంటి చేత్తో బ్యాటు పట్టుకొని. మైదానమంతా లేచి నిలబడింది. మా టీ కొట్టు దగ్గర కూడా ఎవరూ మాట్లాడలేదు. అతనికి బంతి ఆడే అవసరం రాకుండా గస్ అట్కిన్సన్ తానే కొట్టాలని చూశాడు. సిరాజ్ బంతిని లెగ్ వైపు ఎత్తేశాడు. బౌండరీ దగ్గర ఆకాశ్‌దీప్ చేతులకు తగిలి అవతల పడింది, సిక్స్. సిరాజ్ ఆ గంటలో ఇచ్చిన తొమ్మిది పరుగుల్లో ఆరు ఇవే.

ఏడు పరుగులు కావాలి. 86వ ఓవర్, మొదటి బంతి. ఇప్పుడు అట్కిన్సన్ ఏ బంతి వచ్చినా లెగ్ వైపే ఊపుతాడని సిరాజ్‌కు తెలుసు. లెంగ్త్ బంతి వేస్తే అతని బ్యాటుకు అందుతుంది. అప్పటిదాకా వికెట్లు తెచ్చిన వోబుల్ సీమ్‌ను అక్కడ వదిలేశాడు. గల్లీలో టెన్నిస్ బంతితో ఆడేటప్పుడు ప్రతి కుర్రాడూ మొదట నేర్చుకునే బంతి వేశాడు: వేగంగా, తిన్నగా, ఆఫ్ స్టంప్ మొదట్లోకి. సిరీస్‌లో అతని 1,113వ బంతి. అట్కిన్సన్ బ్యాటు గాల్లో ఉంది, స్టంప్ కింద ఉంది.

టీ కొట్టు ముందు ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో నాకు గుర్తులేదు. జగ్గు ఒలికి ఫోన్ తడిసింది. తుడుచుకుంటుంటే ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయనెక్కిన బస్సు అప్పటికి ఘాట్‌లో ఎక్కడో ఉండుంటుంది. ఆ అడవిలో సిగ్నల్ ఉండదు.